చంద్రగిరి: రాయల కోట, శేషాచలం అడవుల ముంగిలి

తిరుపతికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, కొండలు, అడవుల నడుమ చంద్రగిరి పట్టణం కలదు. తిరుమల యాత్రికులు ఒక పూట కేటాయించినట్లయితే విజయనగర సామ్రాజ్య చివరి దశకు చెందిన కట్టడాలను ఇక్కడ తిలకించవచ్చును.

ఈ కోటను క్రీ.శ. 1000 ప్రాంతంలో యాదవరాయలు నిర్మించినట్లు చెబుతారు. 1565 నాటి తళ్ళికోట యుద్ధానంతరం రాజధాని విజయనగరం నుండి పెనుకొండకు, రెండవ వేంకటపతి రాయల కాలంలో చంద్రగిరికి మారినది. 1639లో మద్రాసు స్థలాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చే ఒప్పందం ఇక్కడి రాజమహల్‌లోనే జరిగినట్లు ప్రతీతి.

మూడంతస్తుల రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో నిర్మించడం విశేషం. ఇందులో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ప్రదర్శనశాల ఉన్నది. శుక్రవారం సెలవు. చేరువలో రెండంతస్తుల రాణిమహల్, కొండపై ఎగువ కోట శిథిలాలు ఉన్నవి. సమీపాన శ్రీనివాస మంగాపురం ఆలయం, అటు నుండి తిరుమలకు శ్రీవారి మెట్టు కాలిబాట కలవు.

ఈ కొండలను ఆవరించిన శేషాచలం అడవులను 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం సహజసిద్ధంగా పెరిగేది ప్రధానంగా తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అందువలన అటవీ శాఖ అనుమతి లేనిదే సందర్శకులు రిజర్వు అడవిలోనికి వెళ్ళరాదు. రక్షిత కట్టడాల గోడలపై పేర్లు చెక్కడం చట్టరీత్యా శిక్షార్హం. కోట, అడవి రెండూ పదిలంగా ఉన్నప్పుడే చంద్రగిరి పర్యాటకానికి మనుగడ.