ఒక్కో లెక్కకు 34 సెకన్లు

బ్యాంకు క్లర్క్ ప్రిలిమ్స్‌. న్యూమరికల్ ఎబిలిటీ సెక్షన్ ఇప్పుడే తెరుచుకుంది. స్క్రీన్ మీద గడియారం 20 నిమిషాల నుంచి వెనక్కి నడుస్తోంది. 35 ప్రశ్నలు, ఒక్కోదానికి 34 సెకన్లు. తప్పు పెడితే ఆ ప్రశ్న మార్కులో పావు వంతు కోత. కాల్‌క్యులేటర్ లేదు, ఒక పెన్ను, రఫ్ షీట్, అంతే.

648లో 37.5% + 65² – 98 × 43 = ?

పక్క సీట్లో అప్పుడే పెన్ను గబగబా నడుస్తోంది. నువ్వు తొందరపడకు, ముందు అంకెల్ని చూడు. 37.5% అంటే 3/8. బ్యాంకు కోచింగ్‌కు పేరుపడ్డ నంద్యాలలో ఎక్కాలతో పాటు ఈ భిన్నాలనూ కంఠస్థం చేయించేది ఇందుకే. 648లో ఎనిమిదో వంతు 81, మూడు 81లు 243. 65 వర్గానికి 6ను 7తో గుణించు, 42. పక్కన 25 చేర్చు, 4225. 98 అంటే వందకు రెండు తక్కువ కాబట్టి 4300లోంచి 86 తీసెయ్, 4214. 4225లోంచి అది పోతే 11. 243కి కలిపితే 254. రఫ్ షీట్ మీద గీత కూడా పడలేదు.

ఆ 25 ఎప్పుడూ ఎందుకొస్తుందో ఇంటి దగ్గరే తెలుసుకుని రావాలి. (10n + 5)²ను విప్పితే 100n(n + 1) + 25. కారణం ఒకసారి అర్థమైతే ఎంత కంగారులోనైనా సూత్రం గుర్తుకొస్తుంది. వట్టి బట్టీ మీద నాకు ఆ నమ్మకం లేదు.

ఇక తొమ్మిదితో సరిచూసుకో. అంకెలు కూడుతూ పోతే 243 తొమ్మిదవుతుంది, అంటే సున్నా. 4225కి 4, 4214కి 2. నాలుగులోంచి రెండు పోతే 2. 254కీ రెండే. అయితే 245 అని తారుమారు చేసినా ఇదే వస్తుంది, అందుకే చివరి అంకె కూడా చూడు: 3 + 5 – 4, నాలుగు. 254 మీద క్లిక్.

తర్వాత బార్ చార్ట్. అయిదేళ్ల అమ్మకాలు 412, 398, 405, 391, 419. సగటు ఎంత? అన్నీ కూడకు. 400 అనుకుని తేడాలు చూడు: 12, –2, 5, –9, 19. మొత్తం 25, అయిదో వంతు 5. సగటు 405.

అదే చార్ట్‌లో 391 నుంచి 419కి పెరుగుదల సుమారు ఎంత శాతం? ఆప్షన్లు 5, 7, 9, 11, 13. పెరిగింది 28. 391లో 7% అంటే 27 చిల్లర. ఏడు పెట్టు, తర్వాతిది తెరువు.