కోర్టుకు రాని సాక్షి.. పాత సాక్ష్యం చెల్లుతుందా?

జైనూర్‌లో 2024 సెప్టెంబర్ 4న జరిగినలాంటి అల్లర్ల కేసుల్లో విచారణకు ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా సాక్షి చనిపోతే? ఆచూకీ దొరక్కపోతే? కేసు అయిపోయినట్టే అనుకుంటారు చాలామంది. కానే కాదు.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 27 (పాత చట్టంలో 33) ప్రకారం, ఆ సాక్షి అంతకుముందు కోర్టులో చెప్పిన సాక్ష్యాన్ని వాడుకోవచ్చు. ఎదుటి పక్షమే సాక్షిని రానివ్వకుండా చేసినా ఇదే రూల్. కానీ మెలిక ఉంది. అదే పక్షాలు, అదే విషయం అయి ఉండాలి. ముఖ్యంగా, అప్పుడు నిందితుడి లాయర్‌కు క్రాస్ ఎగ్జామినేషన్ అవకాశం దొరికి ఉండాలి.

అందుకే పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంట్ దీనికి పనికిరాదు. దర్యాప్తులో మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన వాంగ్మూలమూ అంతే, అక్కడ నిందితుడి లాయర్ ప్రశ్నలు అడిగే వీలుండదు. మరణ వాంగ్మూలం సంగతి వేరు. అది సెక్షన్ 26 కిందకు వస్తుంది, క్రాస్ అక్కర్లేదు.

మరి నిందితుడే పరారైతే? బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 335 కింద కోర్టు అతను లేకుండానే సాక్ష్యం రికార్డు చేయొచ్చు. అతను దొరికేసరికి సాక్షి బతికి లేకపోతే, అదే పనికొస్తుంది.