సామర్లకోట పూల బొమ్మలు

అల్ ఐన్‌లో మనం పూలని చూసేది ఎక్కువగా కారు అద్దంలోంచే. చలికాలం వచ్చిందంటే రోడ్ల మధ్య పిటూనియాలు తివాచీల్లా పరుచుకుంటాయి. రంగు కనబడుతుంది, పువ్వు కనబడదు. ఊరి బయట ఇసుకలో జిల్లేడు విరగబూసినా ఆగి చూసేవాళ్ళు తక్కువే.

న్యూయార్క్ జనానికీ ఇదే తొందర. వాళ్ళని ఆపి చూపించాలనే అమెరికన్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ (1887–1986) 1920లలో పూలని పెద్దవి చేసి గీయడం మొదలుపెట్టింది. 1932లో ఆవిడ వేసిన తెల్ల ఉమ్మెత్త బొమ్మ నాలుగడుగుల ఎత్తు. మనం శివుడికి పెట్టే ఉమ్మెత్త జాతే! కుండీ లేదు, బల్ల లేదు. పువ్వే కాన్వాసంతా నిండిపోయింది. తెలుపంటే ఒట్టి తెలుపు కాదు, మడతల్లో లేతాకుపచ్చ నీడలు. 2014లో అది 4 కోట్ల 44 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటికి ఒక స్త్రీ గీసిన బొమ్మ వేలంలో అంత పలకడం అదే మొదలు.

బాగానే ఉంది. కానీ పువ్వుకి అంత దగ్గరగా వెళ్ళిన చిత్రకారులు అంతకు నూట ముప్ఫై ఏళ్ళకు పైగా ముందే మన సామర్లకోటలో ఉన్నారు.

ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బరో 1781లో అక్కడికి వచ్చాడు. మన మొక్కలని గీయడానికి స్థానిక చిత్రకారులని పనిలో పెట్టుకున్నాడు. ఆ బొమ్మల్లోంచి జోసెఫ్ బ్యాంక్స్ ఏరిన 300 బొమ్మలతో, 1795 నుంచి 1820 దాకా, కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు పెద్ద సంపుటాలు లండన్‌లో వెలువడ్డాయి. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసి, చేత్తో రంగులద్దారు.

అందులో 21వ బొమ్మ మోదుగ. తెల్లకాగితం మీద వెనక దృశ్యమేమీ లేకుండా పూలరెమ్మ. అడుగున పువ్వుని విప్పి, భాగాలని విడివిడిగా చూపిన చిన్న బొమ్మలు. ఓకీఫ్ దగ్గరికి వెళ్ళింది పువ్వులో మనల్ని ముంచడానికి. వీళ్ళు వెళ్ళింది పువ్వుని పోల్చుకునేలా చేయడానికి. ఆవిడకి రంగు తన ఇష్టం. వీళ్ళకి రంగు సాక్ష్యం! మోదుగ కాషాయం ఒక పిసరు అటో ఇటో అయితే, ఆ చెట్టుని ఎన్నడూ చూడని లండన్ పండితుడు పొరబడతాడు. ఇది తక్కువ కళ అని నేననుకోను.

మోదుగకి పెట్టిన 'బ్యూటియా' అన్న శాస్త్రనామం బ్యూట్ ప్రభువు గౌరవార్థం. సోమిద చెట్టుకి దక్కిన 'సోయ్మిడా' మన తెలుగు మాటే. రాగిరేకు చెక్కిన మెకంజీ పేరు కూడా తెలుసు. మోదుగరెమ్మని ముందుపెట్టుకుని కుంచె పట్టినవాడి పేరే పుస్తకంలో లేదు.

మూల చిత్రాలు కొన్ని లండన్ దగ్గర క్యూ తోటలోనూ, కొన్ని కలకత్తాలోనూ ఉన్నాయి. అచ్చుపుస్తకం ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా తెరిచి చూడొచ్చు. పిల్లలకి చూపిస్తే మూడో బొమ్మ దగ్గర కాస్త ఆగండి. అది చిరివేరు. బందరు కలంకారీలో ఎరుపు దాని వేరునుంచే వచ్చేది. ఆ మొక్కని గీసినవాడి చేతికి ఆ ఎరుపు అంతకుముందే అలవాటేమో అని నా అనుమానం.