కృష్ణాతీరమున కదలిన ఊళ్ళు

గద్వాల కోటను చూడబోయినవారిలో పలువురు మొదట కొంత నిరాశ చెందుదురు. గోలకొండవలె రాతిబురుజులు కనబడునని తలచి పోయినవారికి అచ్చట ఎదురగునది మట్టిగోడ. నల సోమనాద్రి యని జనులు చెప్పుకొను సోమభూపాలుడు పదునేడవ శతాబ్దపు చివర, పదునెనిమిదవ శతాబ్దపు మొదట ఏలిన ప్రభువు. ఆయన కట్టించిన కోట అది. మట్టిగోడ వానకు కరుగును. ఏటేట మెత్తనిచో కొలది యేండ్లలోనే దిబ్బయగును. అట్టిది కొంత శిథిలమైనను నేటివరకు నిలిచి యున్నదనిన, ఎన్నో తరములవారు దానికి మట్టి మోసి మెత్తుచు వచ్చిరని అర్థము.

1949లో జాగీరులు రద్దయిన తరువాత ఈ ప్రాంతపు సంస్థానములకు కాలము చెల్లినది. అయినను గద్వాల కోటలో రాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర కళాశాల వెలసినది. వనపర్తి రాజప్రాసాదమున పాలిటెక్నిక్ వెలసినది. విద్యార్థుల రాకపోకలు గల మేడకు కప్పు కారినచో చెప్పువారు ఉందురు. ఎవరును మసలని మేడలో గబ్బిలము చేరినను అడుగువారుండరు. పాత కట్టడములను కాపాడుటలో మొదటి సూత్రము ఇదియే యని నా అభిప్రాయము.

అయితే రాజుల మేడలను గూర్చి చెప్పుట సులభము. ఈ సీమలోని పాత ఇండ్ల చరిత్ర అనగా ముఖ్యముగా రైతుల మిద్దెల చరిత్ర. వానిలో వేలకొలది ఇండ్లను నీరు తీసికొనినది.

మిద్దె యన నేమో ఎఱుగని పట్టణపు శ్రోతలకు కొంచెము వివరింతును. రాయియు బురదమట్టియు కలిపి రెండు మూడడుగుల మందమున గోడ పెట్టుదురు. లోపల కొయ్యకంబములు నిలిపి, వానిపై దూలములు, దూలములపై అడ్డముగా దంతెలు పేర్చుదురు. దంతెలపై బండలో, కట్టెపుల్లలో పరచి, ఆపైన మట్టి వేసి, చిట్టచివర చవుడు కప్పుదురు. చవుడు నీటిని లోనికి దిగనీయదు. కాని వానకాలమునకు ముందు ఏటేట మరల చల్లవలెను. ఇంటి యజమాని బద్ధకించిన యేడు ఇల్లు కారును. వేసవిరాత్రి పడకకు, మిరపపండ్లు ఆరబోయుటకు, పొరుగింటివారితో మాటాడుటకు మిద్దెపైభాగమే తావు. ఒక మిద్దెనుండి మరియొక మిద్దెకు నడచి వీధి కొసవరకు పోగలిగిన ఊళ్ళు కృష్ణ ఒడ్డున ఉండెడివి.

ఈ ఇంటికొక గుణము కలదు. దానిని విప్పవచ్చును. దూలము, దంతె, కంబము, ద్వారబంధము, తలుపు, గడప ఇవి యన్నియు బండికెక్కును. మట్టిమాత్రము మట్టిలో కలియును. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను.

ఆలంపూరునకు దిగువను కూడవెల్లి వద్ద తుంగభద్ర కృష్ణలో కలియును. అచ్చటినుండి నది జటప్రోలు, మంచాలకట్ట, సోమశిలలను తాకుచు నల్లమలలో ప్రవేశించును. ఆ నల్లమలలోనే శ్రీశైలము వద్ద ఆనకట్టకు 1963లో పండిత జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. పని సాగి సాగి 1980 ప్రాంతమునకు కొలిక్కి వచ్చినది. జలాశయపు పూర్తి మట్టము 885 అడుగులు. ఆ మట్టమునకు లోబడిన నేల యెంతయో అధికారులు పటములపై గీచి చూపిరి. అటు కర్నూలు జిల్లాలోను, ఇటు అప్పటి మహబూబునగరము జిల్లాలోను కలిపి నూరు గ్రామములకు పైగా ఆ గీతకు లోపల పడినవి. లక్ష మందికి పైగా జనులు ఇల్లు విడువవలసి వచ్చినది.

ఆ గీతకు లోపల పడినవి ఇండ్లు మాత్రమే కావు. చాళుక్యుల కాలము మొదలుకొని కట్టుచు వచ్చిన దేవాలయములును పడినవి. ఇచ్చట మన పురావస్తుశాఖలవారు చేసిన పని మెచ్చుకొనదగినది. కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి తెచ్చి ఆలంపూరులో నిలిపిరి. పాపనాశి దేవాలయములు ఇరువదికి పైగా ఉన్నవి. వానిని కూడ తరలించిరి. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయము, సోమశిల ఆలయములు, మంచాలకట్ట ఆలయములు మెట్టకెక్కినవి.

ఆలయమును తరలించు పద్ధతి తెలిసికొనదగినది. మొదట కట్టడమును నలువైపుల కొలిచి పటములు గీయుదురు, ఛాయాచిత్రములు తీయుదురు. పిమ్మట ప్రతి రాతిపైనను రంగుతో అంకె వేయుదురు. ఏ వరుసలోనిది, ఏ దిక్కునది, ఆ వరుసలో ఎన్నవది అనునది ఆ అంకెవలన తెలియును. తరువాత శిఖరమునుండి మొదలిడి కప్పుబండలు, దూలములు, స్తంభములు, గోడలు, చిట్టచివర అధిష్ఠానము, ఇట్లు పైనుండి క్రిందికి విప్పుదురు. క్రొత్త తావున పునాది పోసి క్రిందినుండి పైకి పేర్చుదురు. విరిగిన రాతిని అతుకుదురు. అతుకరానిచో క్రొత్తరాయి చెక్కుదురు. వాకిలి ముఖము మునుపు ఏ దిక్కునకు ఉన్నదో ఆ దిక్కునకే ఉంచుదురు. వేయియేండ్ల క్రిందటి శిల్పి తాను పెట్టిన రాతిప్రక్క ఏ రాయి ఉండవలెనని తలచెనో, నేడును ఆ రాయియే ఉన్నది.

మరి ఇండ్లకు? ఇండ్లకును కొలతలు తీసిరి, అంకెలును వేసిరి. కాని ఆ అంకెలు రూపాయలవి. 1894 నాటి భూసేకరణ చట్టము భూమికిని కట్టడమునకును వెలకట్టుమని చెప్పినది. ఇల్లు తీసినవారు ఇల్లు కట్టి యిమ్మని చెప్పలేదు. భూమి లేక కూలిచేసి బ్రదుకువానికి, చేపలు పట్టువానికి, ఊరినంటి బ్రదుకు చాకలికి, మంగలికి పోయిన జీవనమునకు వెల ఆ చట్టములో లేదు. ఏటిగట్టున నీరు తీసిన నేలలో పండించుకొను పంట ఎంతటిదైనను, పట్టా లేనిచో కాగితమున దానికి స్థానము లేదు.

1981లో వానలకు ముందు ఊళ్ళు ఖాళీ చేయించిరి. ఇష్టపడి లేచిపోయినవారు తక్కువ. ఆ నాడు జనులు చేసిన పని ఏమనగా, తమ మిద్దెలను తామే విప్పుకొనిరి. చవుడు త్రవ్వి, దంతెలు దించి, దూలములు మోసి, ద్వారబంధములు పెకలించి బండ్లపై వేసికొని మెట్టకు నడచిరి. ఆలయమునకు స్థపతులుండిరి. ఇంటికి ఇంటివాడే స్థపతి. తాత నిలిపిన ద్వారబంధము ఏ గదిదో చెప్పుటకు వానికి రంగు అంకె యక్కరలేదు. కాని ఇల్లు విప్పి పేర్చగలవాడు ఊరిని విప్పి పేర్చగలడా? ఒక వీధివారు జటప్రోలు సమీపమున మిగిలిరి. మరియొక వీధివారు బంధువులున్న ఊరికి పోయిరి. చేతికి వచ్చిన సొమ్ముతో పొలము కొనువారు ఒక్కమారుగా వేలకొలదియైనందున చుట్టుప్రక్కల పొలముల వెల పెరిగినది. కొనలేనివారు కూలికి వలసపోయిరి. పాలమూరు కూలీ అను మాట అదివరకే దేశమంతట వినబడుచుండెను. ఈ ముంపుతో ఆ గుంపు పెరిగినది.

ఇట్టిది మన దేశమునకే పరిమితము కాదు. ఈజిప్టుదేశమున అస్వాను ఆనకట్ట కట్టినపుడు అబూసింబెల్ ఆలయములను 1964 మొదలు 1968 వరకు వేయికి పైగా ముక్కలుగా కోసి ఎత్తుమీద నిలిపిరి. లోకమంతయు ధనసహాయము చేసినది. ఆ నైలునది ఒడ్డుననే తరతరములుగ బ్రదికిన నూబియనులను అంతకు ముందే, 1963, 64 సంవత్సరములలో, కొమ్ ఒంబో సమీపమున వరుసలుగా కట్టిన ఇండ్లలోనికి తరలించిరి. వారి పాత ఇండ్లకు గోడలపై రంగుబొమ్మలు, నదివైపు విశాలమగు వాకిళ్ళు ఉండెడివి. క్రొత్త తావున నది కనబడదు. అబూసింబెల్ కథ బడిపుస్తకములకెక్కినది. నూబియనుల కథ వెదకి చదువవలెను. మన కూడవెల్లి కథయు నంతే.

ప్రభుత్వమేమియు చేయలేదనుట న్యాయము కాదు. ముంపునకు గురియైన కుటుంబమునకు ఒక్కొక్క ఉద్యోగము చొప్పున ఇచ్చుటకు 1986లో 98వ నెంబరు ఉత్తరువు వెలువడినది. కొందరికి కొలువులు దొరకినవి. దరఖాస్తు పెట్టిన నాటి యువకులు పెక్కుమంది వయస్సు మీరువరకు ఎదురుచూచిరి. కొల్లాపురము ప్రాంతమున "తొంబదియెనిమిది జీవో" యన్న ఏమియో నేటికిని ఎవరును వివరింపనక్కరలేదు. భూసేకరణతోపాటు పునరావాసమును హక్కుగా చెప్పిన చట్టము 2013లో వచ్చినది. శ్రీశైలపు ఊళ్ళు మునిగిన ముప్పదియేండ్లకు పైబడిన పిమ్మట.

ఊరు చీలినను చుట్టరికము చీలదు. జలాశయమునకు ఇరుదరుల నున్న బంధువులు పెండ్లికిని చావుకును పడవలలో దాటుచుండిరి. మునుపు వేసవిలో కాలినడకను దాటగలిగిన రేవులు ఇపుడు లోతు తెలియని నీరైనవి. 2007 జనవరిలో మంచాలకట్ట వద్ద అట్టి పడవ మునిగి 60 మంది వరకు మరణించిరి. ముంపు నాటి లెక్కలలో ఈ మరణములు చేరవు. చేర్చవలెనని నా కనిపించును.

ఆలంపూరు పట్టణమును మాత్రము తరలింపక నదివైపున కట్ట పోసి కాపాడిరి. పోయినదానికై కాచుకొని యుండుటలో ఆలంపూరువారికి సాటి లేదు. జోగులాంబ ఆలయము పదునాలుగవ శతాబ్దపు చివర బహమనీల దాడిలో కూలినదని చెప్పుదురు. అమ్మవారిని బాలబ్రహ్మేశ్వరుని గుడిలో ఉంచి కొలుచుచు వచ్చి, 2005లో పాత తావుననే క్రొత్త ఆలయము కట్టుకొనిరి. తలదాచుకొనుట కొక చోటున్నచో ఎంతకాలమైనను ఎదురుచూడవచ్చునుగదా!

ఆపద ఆనకట్టవలననే రావలయునని లేదు. 2009 అక్టోబరు మొదటి దినములలో తుంగభద్రయు కృష్ణయు ఒకేమారు పొంగినవి. కర్నూలు మునిగినది. తుంగభద్ర ఒడ్డున గద్వాల సీమలోని రాజోలి మునిగినది. రాజోలి నేతగాండ్ర ఊరు. నూలుచీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేయు గద్వాల చీర ఆ ఇండ్లలో పుట్టును. నేతగాని ఇంటిలో మగ్గము ఇంటినడుమ నేలలో త్రవ్విన గుంటలో నుండును. కాళ్ళు గుంటలో దించి కూర్చుండి నేయును. వరద మొదట నిండినది ఆ గుంటయే. పడుగు తడిసినది, పట్టు పాడైనది, రంగులు కలిసిపోయినవి. గోడలు నానిన మట్టియిండ్లు కూలినవి. నీరు తీసిన తరువాత గుంటలలో మిగిలినది ఒండ్రు.

సమీపమున మెట్టనేలలో క్రొత్త ఇండ్లు కట్టుట కుపక్రమించిరి. ఒడ్డునుండి దూరముగా కట్టుట మంచి ఆలోచనయే, దానిని తప్పుపట్టరాదు. అయితే నేతగానికి ఇల్లనగా నాలుగు గోడలు కాదు. మగ్గము గుంటకు తావు, పోగు తెగక వెలుతురు, పడుగు సాచి గంజి పెట్టుటకు పొడవైన వీధి, రంగులద్దుటకు నీరు, ప్రక్కన అచ్చుకట్టువాడు, కండెలు చుట్టు ముసలమ్మ, ఇన్ని కూడిన పిమ్మట అది ఇల్లు. ఒక్క గది, ఒక్క వరండా గల పటము పట్టణములోని గుమాస్తాకు సరిపోవచ్చును. అందులో మగ్గము పెట్టినచో మంచమునకు చోటుండదు. మంచము వేసినచో అన్నము పుట్టదు. అందుచేత నదికి భయపడుచునే పాత ఇంటి గోడ ఎత్తుకొని, ఒండ్రు తోడి, గుంట శుభ్రము చేసికొని మరల నేతకు కూర్చుండుట నేతగానికి మూర్ఖత కాదు, లెక్క.

ఇట్టి పనికి పటము గీయువారు మొదట ఇంటిలో ఒక పగలు కూర్చుండి, ఎవరు ఎచ్చట ఏ పని చేయుదురో చూచుట మంచిది. కూడవెల్లి ఆలయమును విప్పినవారు ప్రతి రాతిని ప్రక్కరాతితో కలిపి వ్రాసికొనిరి. రాజోలి వీధిలో ఏ ఇంటిప్రక్క ఏ ఇల్లుండెనో వ్రాసికొనుటకు అంతకంటె ఎక్కువ కాగితము పట్టదు.

వేసవిలో జలాశయము తగ్గినపుడు సోమశిలకు ఎదుటి దరిని సప్తనదీ సంగమేశ్వరుని గుడి నీటినుండి బయటపడును. దానిని తరలింపలేదు. నీరున్నన్నాళ్ళు దేవుడు నీటిలోనే యుండును. నీరు తీసిన నాళ్ళలో అర్చకుడు పోయి బురద కడిగి దీపము పెట్టును. ఆ దినములలో ఇరుదరులనుండి జనులు పడవలలో వత్తురు. ముదుసలులు పూజ ముగిసిన పిమ్మట వెంటనే తిరుగరు. బయటపడిన ఒడ్డువెంట నడచి, రాళ్ళవరుసలు కనబడిన చోట ఆగి, ఇది ఫలానావారి గోడ, ఇచ్చట బావి, అచ్చట రచ్చకట్ట యని మనుమలకు చూపుదురు. జూలై, ఆగస్టు మాసములలో మరల నీరు వచ్చువరకు.