ట్రాము పునరుద్ధరణము

నగరవీథులనుండి తొలగింపబడిన ప్రాచీన ట్రాముబండ్లను సేకరించి, అవి మరల పట్టాలపై నడుచునట్లు స్వచ్ఛంద సేవకులు బాగుచేయు కృషికి ట్రాము పునరుద్ధరణమని పేరు. ఇందు సుప్రసిద్ధమైనది ఇంగ్లండున డెర్బీషైరు మండలములోని క్రిచ్ గ్రామమందలి జాతీయ ట్రాము ప్రదర్శనశాల.

చరిత్ర: 1948లో కొందరు ట్రాము ప్రియులు, సౌథాంప్టను నగరమున తుక్కునకు పోనున్న 45వ నంబరు బండిని 10 పౌనులకు కొనుటయే దీనికి బీజము. 1955లో ఏర్పడిన సంఘము, పూర్వము జార్జి స్టీఫెన్‌సన్ ఖనిజముల రవాణాకై రైలుమార్గము వేయించిన సున్నపురాతి గనిలో 1959లో స్థలము సంపాదించి, 1963లో గుఱ్ఱపు ట్రామును, 1964లో విద్యుత్తు ట్రామును నడిపెను.

విధానము: జీర్ణించిన బండిని భాగభాగములుగా విప్పి, పుచ్చిన కొయ్యకు మాఱుగా క్రొత్తది అతికి, రంగును పొరపొరగా గీకి అడుగున దాగిన తొలివర్ణమును గుర్తించి, మోటారు తీగచుట్టలను సరిచేసి, మీది తీగనుండి విద్యుత్తును గ్రహించు దండమును తుదకు అమర్చుదురు.

దక్షిణదేశము: ఇట్లే వీథులనుండి తొలగిపోయిన ట్రాములు మన దేశమునను కలవు; చెన్నపట్టణమున 1895లో మొదలైన విద్యుత్తు ట్రాములు, భారతదేశమున ఆ జాతిలో మొట్టమొదటివయ్యును, 1953 ఏప్రిలులో శాశ్వతముగా నిలిచిపోయినవి.