మనీ లాండరింగ్ నిరోధం: అంతర్జాతీయ ప్రమాణాలు, భారత్

నేరం వల్ల వచ్చిన సొమ్మును చేతులు మార్చి, సక్రమ ఆదాయంగా చూపడమే మనీ లాండరింగ్. దీన్ని అరికట్టడానికి 1989లో పారిస్‌లో జరిగిన జీ-7 శిఖరాగ్ర సదస్సు ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ (ఎఫ్‌ఏటీఎఫ్)ను ఏర్పాటు చేసింది. ఆ సంస్థ మరుసటి ఏడాదే 40 సిఫార్సులు వెలువరించింది. వాటి అమలును సభ్యదేశాల నిపుణులే పరస్పరం తనిఖీ చేస్తారు.

భారత్ ఈ దారిలోకి ఆలస్యంగా వచ్చింది. 1990లలో, నేతలకు ముడుపులు చేరాయన్న ఆరోపణలతో సాగిన జైన్ డైరీల కేసు, బ్యాంకులను తప్పించి సొమ్ము చేరవేసే హవాలా ఎంత లోతుకు పాకిందో బయటపెట్టింది. అయినా 1998లో లోక్‌సభ ముందుకు వచ్చిన మనీ లాండరింగ్ నిరోధక బిల్లు చట్టమై అమల్లోకి రావడానికి 2005 జూలై 1 దాకా పట్టింది. అనుమానాస్పద లావాదేవీలపై బ్యాంకులు పంపే సమాచారాన్ని పరిశీలించడానికి అంతకుముందే, 2004లో, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ (ఎఫ్‌ఐయూ-ఇండియా) ఏర్పడింది.

2010 జూన్‌లో భారత్‌కు ఎఫ్‌ఏటీఎఫ్ పూర్తి సభ్యత్వం దక్కింది. ఆ ఏడాది వెలువడిన తనిఖీ నివేదిక మాత్రం మొహమాటపడలేదు: చట్టం ఉంది, దాని కింద ఒక్క శిక్షా లేదు. అనేక నేరాలకు సొమ్ము విలువ రూ.30 లక్షలు దాటితేనే చట్టం వర్తించడాన్నీ అది తప్పుపట్టింది. 2012 సవరణతో ఆ పరిమితి తొలగింది.

అయినా కేసులు కదలడం కష్టమే. సత్యం కంప్యూటర్స్ లెక్కల కుంభకోణంలో, ఈ చట్టాన్ని అమలు చేసే ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) 2013లో హైదరాబాద్ కోర్టులో వేసిన అభియోగపత్రంలో 47 మంది వ్యక్తులతో పాటు 166 కంపెనీలు నిందితులు. ఇన్ని పేర్ల వెనుక సొమ్ము జాడను లెక్కల పుస్తకాల్లో పట్టుకుని రుజువు చేయడం ఏళ్ల తరబడి సాగే పని. మరోవైపు చట్టమే న్యాయపరీక్షకు గురైంది. బెయిలుకు పెట్టిన కఠిన షరతులను సుప్రీంకోర్టు 2017లో కొట్టేసింది. వాటిని తిరిగి తెచ్చేందుకు పార్లమెంటు 2018లో చట్టాన్ని సవరించింది. 2022 జూలైలో విజయ్ మదన్‌లాల్ చౌదరి కేసులో కోర్టు ఆ షరతులను సమర్థించింది. నిందితుడి స్వేచ్ఛకు ఇంత బరువైన వెల కట్టే చట్టం కింద విచారణ త్వరగా తేలాలని కోరడం న్యాయమే.

2023 మార్చిలో క్రిప్టో వ్యాపారాలు, మేలో కొన్ని పనులకు సంబంధించి చార్టర్డ్ అకౌంటెంట్లు చట్ట పరిధిలోకి వచ్చారు. అదే ఏడాది నవంబరులో ఎఫ్‌ఏటీఎఫ్ తనిఖీ బృందం భారత్‌కు వచ్చింది. 2024 సెప్టెంబరులో వెలువడిన నివేదిక ప్రకారం, 40 సిఫార్సుల్లో 37 పూర్తిగానో చాలావరకో అమలయ్యాయి. జీ-20లో మరో నాలుగు దేశాలకే దక్కిన, తనిఖీలో అత్యుత్తమ కోవ అయిన ‘రెగ్యులర్ ఫాలో-అప్’ స్థాయి భారత్‌కూ దక్కింది.

మిగిలిన మూడు లోపాలు చిన్నవి కావు. స్వచ్ఛంద సంస్థలపై నిఘా అసలు ముప్పున్న చోటికే పరిమితం కావాలి. బంగారం వర్తకుల వంటి బ్యాంకేతర రంగాలపై పర్యవేక్షణ బలపడాలి. అన్నిటికన్నా మౌలికమైనది మూడోది: విదేశీ నేతల ఖాతాల మీద పెట్టే ప్రత్యేక శ్రద్ధ స్వదేశీ నేతల ఖాతాల విషయంలో స్పష్టంగా తప్పనిసరి కాలేదు. కోర్టుల్లో పేరుకుపోయిన కేసులనూ నివేదిక ఎత్తిచూపింది. వీటిపై సాధించిన ప్రగతిని భారత్ మూడేళ్ల గడువు ముగిశాక ఎఫ్‌ఏటీఎఫ్ ప్లీనరీకి నివేదించాలి.