హైదరాబాద్ ఫుట్‌బాల్: నా పదకొండు మంది

అన్ని కాలాలకీ కలిపి ఒక కలల జట్టు కూర్చమంటే మనవాళ్ళు ముందు క్రికెట్ జట్టే కూరుస్తారు. కాస్త పెద్దవాళ్ళయితే హాకీ. హాకీలో అంత చిక్కేం లేదు. ధ్యాన్‌చంద్ పేరు రాసేసి, మిగతా పదిమంది కోసం తీరిగ్గా కొట్టుకోవచ్చు. 1992, 1996, 2000 ఒలింపిక్స్ ఆడిన మన హైదరాబాదీ ముకేశ్ కుమార్‌కి అందులో ఓ చోటు ఇమ్మని గట్టిగానే అడగొచ్చు కూడా. కానీ హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు కూర్చమంటే? "హైదరాబాద్‌లో ఫుట్‌బాలా?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. అలా అడిగేవాళ్ళలో హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళూ ఉండటమే విచిత్రం.

కరామాలో ఉంటే ఈ ప్రశ్న తప్పించుకోలేం. ఇక్కడ ఏ కఫెటేరియాలో కూర్చుని కరక్ చాయ్ చెప్పినా, పక్క బల్ల మీద మలయాళీలు ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుంటూనే ఉంటారు. మా గుంపులో ఒక త్రిస్సూర్ చేటన్, ఒక కలకత్తా దాదా ఉన్నారు. చేటన్ 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడిన తమ చంద్రశేఖరన్ గురించి మొదలుపెడతాడు. దాదా అయితే పీకే, చునీ అంటూ దణ్ణం పెట్టుకున్నంత పని చేస్తాడు. మన వంతు వచ్చేసరికి లక్ష్మణ్, సింధు అని దాటవేయడం నాకు నచ్చలేదు. అందుకని నియమాలు పెట్టుకుని, ఆఫీసు అలవాటు కొద్దీ ఎక్సెల్ షీటు తెరిచి, జట్టు కూర్చాను.

చెప్పొద్దూ, షీటు తెరవగానే తెలిసింది, సగం గళ్ళు ఖాళీగానే ఉంటాయని. 1950ల ఆట గురించి మనకి మిగిలింది స్కోర్లు, కొన్ని ఫోటోలు, వయసు మళ్ళిన ఆటగాళ్ళు ఇచ్చిన ఇంటర్వ్యూలు. ఎవరు ఎన్ని పాసులిచ్చారు, ఎంత దూరం పరిగెత్తారు లాంటివి ఏవీ లేవు. మా భాషలో చెప్పాలంటే అన్నీ నల్ వాల్యూలే. నల్ అంటే సున్నా కాదని మొదటి సెమిస్టర్‌లోనే చెప్తారు. లెక్క దొరకలేదని ఆటే లేదనుకుంటే ఎలా?

నియమాలు రెండే. ఆటగాడు హైదరాబాద్-సికింద్రాబాద్ మట్టిలో ఆట నేర్చినవాడై ఉండాలి. భారత జట్టుకి ఆడి ఉండాలి. ఆ తర్వాత ఏ ఊరి క్లబ్బుకి ఆడినా నాకు అభ్యంతరం లేదు. ఈ రెండో మాట ఎందుకు చేర్చానో చివర్లో చెప్తాను.

కోచ్ గురించి చర్చే లేదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు, వృత్తి బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకీ, భారత జట్టుకీ కోచ్. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా పుణ్యమా అని ఇప్పుడు కొంతమందికైనా ఆయన పేరు తెలుసు. సినిమా ఆఖర్లో చూపించిన 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్ (దక్షిణ కొరియా మీద 2-1) నిజమే. అప్పటికే ఆయనకి కేన్సర్ ఉన్న మాటా నిజమే. 1963 జూన్ 11న పోయాడు.

ఆయన చేసిన పనుల్లో నాకు ఎక్కువ నచ్చింది పతకాలు కాదు, పిల్లలకి పెట్టిన పోటీలు. బంతిని కాలి దగ్గర అట్టే పెట్టుకోకూడదు, వెంటనే పాస్ ఇచ్చెయ్యాలి అనే నియమంతో ఒక టోర్నమెంటు. బలహీనమైన కాలితోనే ఆడాలి అంటూ ఇంకొకటి, అంటే కుడికాలి వాటం పిల్లాడు ఎడంకాలితోనే తన్నాలి. చేతిలో పెద్ద డబ్బేమీ లేని బడిపంతులు, ఆట నియమాలనే మార్చి ఆట నేర్పాడన్నమాట. దాని ఫలితం ఏవిటంటే, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ కప్ 1950, 1954, 1957లలో గెలిచింది. 1959లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ అని పేరు మారాక 1961లో మళ్ళీ గెలిచింది. రాష్ట్రాల పోటీ సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లలో హైదరాబాద్ వరసగా రెండుసార్లు పట్టుకొచ్చింది.

ఇక జట్టు. పాతకాలం పద్ధతిలో ముగ్గురు బ్యాకులు, ఇద్దరు హాఫులు, అయిదుగురు ఫార్వర్డులు. ఈనాటి పిల్లలు నవ్వినా సరే, నా ఆటగాళ్ళలో ఎక్కువమంది పెరిగింది ఆ లెక్కలోనే.

గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. 1935లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి, సైన్యంలో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కి వెళ్ళాక గోల్‌లో నిలబడ్డాడు. 1956, 1960 ఒలింపిక్స్, 1962 స్వర్ణం. 1958లో ఆసియాలో ఉత్తమ గోల్‌కీపర్ అన్నారు. "సైన్యం తయారు చేసినవాడు మీవాడెలా అవుతాడు?" అని దాదా అడ్డుపడ్డాడు. బంతితో స్నేహం కుదిరింది మా ఊళ్ళో, చేతులు వాడమన్నది సైన్యం అని చెప్పాను.

బ్యాకులు అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, నయీముద్దీన్. అజీజుద్దీన్ 1952 హెల్సింకీ, 1956 మెల్‌బోర్న్ రెండూ చూసినవాడు. హెల్సింకీలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడారు. నాలుగేళ్ళ తర్వాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి, ఒలింపిక్స్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అయ్యారు. మధ్యలో జరిగిందంతా ఎవరి చలవో వేరే చెప్పక్కర్లేదు. అహ్మద్ హుస్సేన్ మెల్‌బోర్న్ జట్టులో డిఫెండర్. 2021 ఏప్రిల్‌లో బెంగుళూరులో కోవిడ్ తీసుకెళ్ళింది. రోజూ పోయినవాళ్ళ లెక్కలే చదువుతున్న ఆ వారాల్లో, ఒక ఒలింపిక్ ఆటగాడు వెళ్ళిపోయిన సంగతి ఎంతమందికి అందిందో! నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకి కెప్టెన్. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య రెండూ అందుకున్నాడు.

హాఫులు నూర్ మహ్మద్, విక్టర్ అమల్‌రాజ్. నూర్ మహ్మద్ సిటీ పోలీస్ మనిషి, హెల్సింకీకీ వెళ్ళాడు, మెల్‌బోర్న్‌కీ వెళ్ళాడు. అమల్‌రాజ్ ఒక తరం తర్వాతవాడు. 1980లలో కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకీ ఆడాడు. వాళ్ళిద్దరికీ మధ్య పాతికేళ్ళ దూరం ఉంది. అయినా ఒకడు బంతి లాక్కునేవాడు, ఇంకొకడు దాన్ని ముందుకు నడిపేవాడు. జోడీ కుదురుతుందనే నా నమ్మకం.

ఫార్వర్డుల్లో కుడి చివర యూసుఫ్ ఖాన్. రోమ్ ఒలింపిక్స్, జకార్తా స్వర్ణం, 1966లో అర్జున. డిఫెన్స్‌లో పెట్టినా, మధ్యలో పెట్టినా, ముందు పెట్టినా ఆడగలిగిన మనిషి. అసలు సిసలు కుడి వింగర్ ఉంటే ఇతన్ని హాఫుగా వేద్దును. జట్టులో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపగలిగే మనిషి ఒక్కడుంటే ఎంత హాయో ప్రాజెక్టులు చేసే ప్రతివాడికీ తెలుసు. అతని పక్కన, కుర్రతనంలోనే మెల్‌బోర్న్ వెళ్ళిన జుల్ఫికరుద్దీన్. మధ్యలో షబ్బీర్ అలీ. 1974లో బ్యాంకాక్‌లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ టైటిల్ పంచుకున్న కుర్ర జట్టుకి కెప్టెన్ ఇతనే.

ఎడమ వైపే అసలు గొడవ. అక్కడ మహ్మద్ హబీబ్ కావాలి, తులసీదాస్ బలరామ్ కూడా కావాలి.

బలరామ్‌ది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ, పేద తమిళ కుటుంబం. ప్రాక్టీసుకి హైదరాబాద్ దాకా రావడానికి డబ్బుల్లేవంటే, సైకిలు అద్దెకి రోజుకో రూపాయి రహీమ్ సాబ్ ఇచ్చేవారని పెద్దయ్యాక ఇంటర్వ్యూల్లో చెప్పేవాడు. ఆ రూపాయి ఎంత దూరం వెళ్ళిందో చూడండి. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్. రోమ్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్. 1962లో జకార్తా స్వర్ణం. ఆ తర్వాత ఏడాదే జబ్బు చేసి ఆట మానేయాల్సి వచ్చింది, అప్పటికి ముప్ఫై కూడా నిండలేదు. 2023 ఫిబ్రవరిలో పోయాడు. హబీబ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాల్‌ని ఓడించిన ఆంధ్రప్రదేశ్ తరఫున వెలుగులోకి వచ్చాడు. ఓడినవాళ్ళే మరుసటి ఏడాది కలకత్తా పట్టుకుపోయారు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు, ఆట 2-2తో ముగిసింది. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు.

తీర్పు: బలరామ్ ఎడమ చివర, హబీబ్ అతనికి లోపల. బలరామ్ రెండు చోట్లా ఆడగలడు కాబట్టి ఎవరికీ అన్యాయం జరగలేదు. బెంచీ మీద జకార్తా జట్టులోని డి.ఎం.కె. అఫ్జల్, 1952 నాటి మొయినుద్దీన్, హబీబ్ తమ్ముడు అక్బర్.

జట్టు అయిపోయింది. షీటులో చివరి కాలమ్ 'ఆడిన క్లబ్బు'. అది నింపాక కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. పదకొండు మందిలో ఏడుగురు - తంగరాజ్, అహ్మద్ హుస్సేన్, బలరామ్, నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్, అమల్‌రాజ్ - ఏదో ఒక సమయంలో కలకత్తా క్లబ్బులకి వెళ్ళినవాళ్ళు. మిగతా నలుగురు పోలీస్ జట్టు పేరుతోనే గుర్తుండిపోయారు. కాలక్రమంలో పేర్చి చూస్తే ఇంకా తేటగా ఉంది. 1950ల మొదట్లో ఊళ్ళో ఉండి గెలిచినవాళ్ళు, 1957 తర్వాత వెళ్ళడం మొదలుపెట్టినవాళ్ళు, 1966 తర్వాత అందరూ వెళ్ళినవాళ్ళే. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు పడిపోయింది అనే ప్రశ్నకి నాకు తెలిసినంతలో ఇదే మంచి జవాబు. ప్రతిభ అయిపోయి పడిపోలేదు. పోలీసు శాఖ ఒక ఉద్యోగం ఇవ్వగలిగింది, కలకత్తా డబ్బూ, వేలమంది జనాన్నీ ఇచ్చింది. వెళ్ళినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళని తయారు చేసే బడిపంతులు 1963లో పోయాడు. ఆ కుర్చీ మళ్ళీ అంతగా నిండలేదు.

ఈ మాట అంటే, కరామాలో మాకు తెలిసిన పాతబస్తీ చాచా ఒకాయన నవ్వి, "వో కలకత్తా గయే, హమ్ దుబాయ్ ఆయే. బాత్ ఏకీచ్ హై మియా" అన్నాడు. ఆయన మాట నన్ను వదల్లేదు. ఊరు వదిలినవాడు ఊరివాడేనా కాదా అనే తగాదా నాకు కొత్త కాదు, ఇక్కడున్న ప్రతి తెలుగువాడికీ కొత్త కాదు. నా రెండో నియమం వెనకున్నది అదే. వెళ్ళినవాళ్ళని తీసేస్తే జట్టులో నలుగురే మిగులుతారు.

ఇంకో తగాదా కూడా ఉంది, అది మనలో మనది. ఈ పేర్లలో మీకు తెలుగు ఇంటిపేరు ఒక్కటీ కనపడదు. ఉర్దూ ఇళ్ళ పిల్లలు, కంటోన్మెంటు తమిళ ఇళ్ళ పిల్లలు. "మరి మనవాళ్ళేరీ?" అని ఒక మిత్రుడు అడిగాడు. అదే రాష్ట్రం పేరు చొక్కా మీద వేసుకుని సంతోష్ ట్రోఫీ తెచ్చినవాడు మనవాడు కాకపోతే, ఇంకెవరు మనవాళ్ళు?

2019 జనవరి 10న అబూధాబీలో ఏషియన్ కప్ మ్యాచ్ జరిగింది, భారత్ మీద యూఏఈ 2-0తో గెలిచింది. ఆ భారత జట్టులో హైదరాబాద్ కుర్రాడు ఒక్కడూ లేడు. 1956లో ఒలింపిక్ జట్టుకి ఒకేసారి అంతమందిని పంపిన ఊరు! తర్వాత 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సి ఐఎస్ఎల్ ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించింది. చేటన్ రెండు రోజులు మాతో మాట్లాడలేదు. నాలుగేళ్ళు తిరక్కుండానే, 2025లో, ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మార్చుకుంది. ఒకప్పుడు ఆటగాళ్ళు వెళ్ళిపోయేవారు, ఈసారి జట్టుకి జట్టే వెళ్ళిపోయింది.

అందుకే ఈ పదకొండు పేర్లూ ఇక్కడ రాసిపెట్టాను: తంగరాజ్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, నయీముద్దీన్, నూర్ మహ్మద్, అమల్‌రాజ్, యూసుఫ్ ఖాన్, జుల్ఫికరుద్దీన్, షబ్బీర్ అలీ, హబీబ్, బలరామ్. మీ ఇంట్లో ఫతే మైదాన్‌లో ఆట చూసిన పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఈ వారం ఫోనులో వాళ్ళకి ఈ జట్టు చదివి వినిపించండి. ఒకటి రెండు పేర్లు మార్చమంటారు, తప్పకుండా మార్చమంటారు. ఎవర్ని తీసి ఎవర్ని పెట్టమన్నారో, ఎందుకన్నారో రాసిపెట్టుకోండి. నా షీటులో ఖాళీ గళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. వాటిని నింపగలిగినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు.